కార్తె సామెతలు, చెరువు కింది వరి: ఉప్పల్ ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వరి రైతు ఏడాదిని గురించి రాసేటప్పుడు పరిశోధకులు మొదట ఆశ్రయించేది కార్తె సామెతలనే. అయితే 1868లో కార్ వెలువరించిన 'ఆంధ్రలోకోక్తి చంద్రిక' కాలం నుంచీ మనం వాటిని ప్రధానంగా అకారాది క్రమంలోనే చదువుతున్నాం. ఆ క్రమంలో ఆరుద్ర మృగశిరకు ముందు, ఆశ్లేష పునర్వసుకు ముందు వచ్చి కూర్చుంటాయి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల లెక్క మీద నడిచే ఈ వాఙ్మయం దానితో ముక్కలవుతుంది. వెతుక్కోవడానికి అనువైన ఆ క్రమమే విమర్శకు అడ్డంకి.

కార్తెల వరుసలో పెట్టి చదివినప్పుడు, ఈ సామెతల్లో ఉన్నదానికన్నా లేనిదే ముందు కనబడుతుంది. ప్రసిద్ధమైనవాటిలో వాన ఉంది, విత్తనం ఉంది. తూము, నీరటి ప్రసక్తి మాత్రం అరుదు. ఉప్పల్ నల్లచెరువు వంటి చెరువుల కింద వరి వేసే రైతుకు తొలకరి ఒక్కటే చాలదు. చెరువు నిండాలి, తూము తెరవాలి, నీటి వంతు రావాలి. వడ్లు నానబోసి, మండె కట్టి, మొలకెత్తాక తుకం పోస్తారు. నారు సుమారు నెలకు నాటుకు వస్తుంది. అప్పటికి కరిగెట సిద్ధంగా లేకపోతే నారు ముదిరి పిలకలు తగ్గుతాయి. ఇక్కడ రైతు ఆందోళన ఆకాశం గురించి మాత్రమే కాదు, తన వంతు గురించి కూడా. నిజాం కాలపు రెవెన్యూ భాష వరి పంటలను ఆబి, తాబి అని విభజించింది. పారసీలో 'ఆబ్' అంటే నీరు. సామెత మౌనంగా ఉన్నచోట రెవెన్యూ పదం మాట్లాడటం ఆలోచించదగినది.

నాటు వేసేది స్త్రీలు. వారి పాటలను శ్రామిక గేయాల అధ్యాయంలోనూ, కార్తెలను సామెతల అధ్యాయంలోనూ పెట్టడం మనకు అలవాటు. ఒకే మడిలో జరిగే పని ఈ విభజన వల్ల రెండు ప్రక్రియలుగా చీలిపోయింది. రైతు అనగానే పురుషుడే స్ఫురించడానికి ఈ విభజన కూడా కొంత కారణమని నా అభిప్రాయం.

ఉప్పల్‌కు దక్షిణాన మూసీ ఉంది. నగరపు మురుగునీటితో అది వేసవిలోనూ పారుతుంది. పీర్జాదిగూడ వైపు ఆ నీటితో సాగయ్యే పొలాలకు తొలకరి కోసం ఎదురుచూసే అవసరం తగ్గింది. కొన్ని వరి మళ్లు పశువుల గడ్డికి మారాయి. నగరంలో మృగశిర ఇప్పుడు ప్రధానంగా చేపలు తినే రోజు. దీన్ని కార్తెల మరణంగా లెక్కించడం తొందరపాటు. కార్తె పేరు పొలం నుంచి వంటింటికి ఎలా చేరిందో నాచారం, ఉప్పల్ పాత ఇళ్లలో వృద్ధులను అడిగి నమోదు చేయడం ఇప్పటికీ సాధ్యమే. ఆయకట్టు భూములు చాలావరకు ఇళ్ల స్థలాలయ్యాక తుకం, కరిగెట వంటి మాటలకు మిగిలిన సాక్షులు వారే.