ఇటు ఒక మీటు, అటు ఒక మీటు

జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో తెలుగు ఇంటికీ బెంగాలీ ఇంటికీ మధ్య చాలాచోట్ల ఒక్కటే గోడ. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీలో పనికొచ్చినవాళ్ల పిల్లలం మేం. సాయంత్రాలు ఆ గోడ అవతలి నుంచి హవాయి గిటార్ మీద రవీంద్ర సంగీతం వినిపించేది. గిటార్‌ని ఒళ్లో పడుకోబెట్టి, ఎడమచేత్తో తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కుడిచేతి వేళ్లకు పిక్కులు తొడుక్కుని వాయించే పద్ధతి అది. పసిఫిక్ దీవుల్లో జోసెఫ్ కెకుకు 19వ శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన ఆ పద్ధతి మన దేశానికి ఎక్కువగా కలకత్తా మీదుగానే చేరింది. 1940లలో టావు మో కుటుంబం ఆ ఊళ్లో ఉండి వాయించింది, నేర్పింది. తర్వాత వాన్ షిప్లీ, సునీల్ గంగూలీ సినిమా పాటల రికార్డులతో దాన్ని ఇంటింటికీ తెచ్చారు. 1967లో బ్రిజ్ భూషణ్ కాబ్రా ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’లో సంతూర్, బాన్సురీల పక్కన దాన్ని కూర్చోబెట్టాక, రాగం పలకదేమో అన్న అనుమానం ఎవరికీ మిగల్లేదు.

ఆ గిటార్‌కి అమెరికాలో పుట్టిన తర్వాతి తరం పెడల్ స్టీల్. కాళ్ల మీద బల్లలా నిలబడుతుంది, వాయించేవాడు దాని వెనక కూర్చుంటాడు. 1948లో పాల్ బిగ్స్‌బీ స్పీడీ వెస్ట్‌కి ఇలాంటిదొకటి చేసిచ్చాడు. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’లో బడ్ ఐజక్స్, తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి స్వరం పైకి లాగాడు. 1954లో ఆ పాట ఊరూరా వినబడ్డాక మిగతావాళ్లంతా అదే దారి పట్టారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వాద్యం మీద కుడిచేయి చేసే పని. పెడల్ స్టీల్ వాయించేవాళ్లలో దాదాపు అందరూ బొటనవేలికి ఒకటి, చూపుడువేలికీ మధ్యవేలికీ చెరొకటి పిక్కు తొడుక్కుంటారు. మామూలు గిటార్ వాళ్లు రెండు వేళ్ల మధ్య పట్టుకునే చదునైన ఫ్లాట్ పిక్‌తో దాన్ని వాయించేవాళ్లు చాలా అరుదు. అది పనికిరాదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. ఒక స్వరం వెంట ఒక స్వరంగా నడిచే మన సంగీతానికైతే, ఈ వాద్యం మీద అంతకన్నా తగిన పనిముట్టు లేదనిపిస్తుంది నాకు. ఎందుకో తెలియాలంటే తీగలు ఏ వరసలో ఉన్నాయో చూడాలి.

ఎక్కువమంది వాడే ఈ-నైన్త్ శ్రుతిలో పది తీగలు. ఒంటికి దగ్గరగా ఉన్నది 10వది, అందరికంటే దూరంగా ఉన్నది 1వది. 8వ తీగను షడ్జం అనుకుంటే 7వది రి, 6వది గ, 5వది ప, 4వది పై షడ్జం. 10వది మంద్ర పంచమం, 9వది షడ్జానికి కింది కైశికి నిషాదం. ఇంతవరకూ అంతా వరసే. ఆ తర్వాత చిక్కు మొదలవుతుంది. 3వ తీగ పై గాంధారం, 2వది దానికి బాగా కిందున్న కాకలి నిషాదం, 1వది పై రిషభం. స్వరాల మధ్య ఖాళీలు పూడ్చడానికి పెడల్ స్టీల్ విద్వాంసుడు బడ్డీ ఎమన్స్ తర్వాత చేర్చిన తీగలు ఈ చివరి రెండూ. ఇక పెడల్స్‌లో ఒకటి 5వ తీగను పూర్తి స్వరం పెంచి పంచమాన్ని చతుశ్రుతి ధైవతం చేస్తుంది. దాని పక్కది 3, 6 తీగలను అరస్వరం పెంచి అంతర గాంధారాన్ని శుద్ధ మధ్యమం చేస్తుంది. ఎడమపాదం ఒక్కటే ఈ రెండింటినీ చూసుకుంటుంది.

అంటే, ఎడమచేతి కడ్డీ ఉన్నచోటి నుంచి కదలకుండానే శంకరాభరణం పూర్తిగా పలుకుతుంది. స, రి, గలకు 8, 7, 6 తీగలు. 6వ తీగ మోగుతుండగానే పాదం వంచితే మ. 5 మీద ప, పాదం వంచితే ద. ఆపైన ని, స, రి, గలకు 2, 4, 1, 3. కడ్డీని 8వ మెట్టు గీత మీద పెడితే ఒకటో శ్రుతి, 3వ గీత మీద పెడితే ఐదో శ్రుతి. మన సంగీతాన్ని మనసులో పెట్టుకుని కట్టిన వాద్యం కాకపోయినా మన మేళకర్త ఇంత సులువుగా అందులో ఇమిడిపోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఇప్పుడు ఫ్లాట్ పిక్ సంగతి. బల్లపరుపు తీగల మీద దాని మీటుకి రెండే దిక్కులు: ఒంటికి దూరంగా అవతలికి, ఒంటివైపుకి ఇవతలికి. కింది స్థాయిలో 8, 7, 6, 5 తీగలను వరసగా అవతలికే మీటుతూ పోవచ్చు. ప్రతి మీటూ అయ్యేసరికి పిక్ మొన పక్క తీగ మీద వాలుతుంది, తర్వాతి మీటుకి సిద్ధంగా ఉంటుంది. అలా వాలినప్పుడు ఆ తీగ అంతకుముందు మోగుతూ ఉంటే దాన్ని నొక్కి ఆపేస్తుంది కూడా. వెనక మిగిలిన తీగలను అరచేతి అంచు ఆపాలి. ఈ ఆపడం కుదరకపోతే పది తీగలూ ఒకదాని మీద ఒకటి పడి గోలగోలగా మోగుతాయి. వినేవాడి చెవికి అందని పనే అయినా, స్టీల్ వాయించేవాడి చేతిలో సగం నేర్పు అక్కడే ఉంది.

పై స్థాయికి వచ్చాక 2, 4, 1, 3 అనే గందరగోళం చూడండి. మొదట 2వ తీగను అవతలికి మీటాలి. తర్వాత 4వది కావాలి కాబట్టి చేయి ఇవతలికి వస్తుంది, ఆ రాకలోనే 3, 4 తీగల సందులో దిగి 4ను ఇవతలికి మీటుతుంది. ఆపైన 1వది అవతల ఉంది, అటు పోతూ దాన్ని అవతలికి. మళ్లీ వెనక్కి వస్తూ 3ను ఇవతలికి. అవతల, ఇవతల, అవతల, ఇవతల. ప్రతిసారీ చేయి ఎటు పోవాలో మీటూ అటే పడుతుంది. వరస తప్పి కనబడిన తీగలు రెండంచుల పిక్‌కి మాత్రం చక్కని నడకగా మారిపోతాయి. ఫింగర్ పిక్కులతో ఇదే పోకకు ఏ స్వరం బొటనవేలిది, ఏది మధ్యవేలిది అని పంపకాలు చేసుకోవాలి. పైగా ఒక్కో వేలి బలం ఒక్కో తీరు, స్వరాల గొంతు మారకుండా చూసుకోవడం మరో పని. ఫ్లాట్ పిక్ ఒకే మణికట్టు మాట వింటుంది.

దీనిలో జాగ్రత్త పడాల్సింది లోతు విషయంలో. 3వ తీగ మందం అంగుళంలో వెయ్యోవంతులు 11, 10వ తీగది 36. రెండింటికీ పిక్‌ను ఒకే లోతున దింపితే సన్నతీగ టక్కుమంటుంది, లావుతీగ మూలుగుతుంది. అందుకే మొన కొద్దిగా మాత్రమే తీగ కిందికి వెళ్లాలి. పిక్‌ను కాస్త ఏటవాలుగా పట్టి, దాని అంచు తీగ మీద జారేలా చూసుకోవాలి. గట్టి పిక్ మేలు. పల్చనిది వంగి తిరిగొచ్చేలోపు స్వరం ఆలస్యమవుతుంది.

తెలుగు చెవికి ఈ మీటు కొత్త కాదు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ చేతిలో మనం విన్నది ఇదే. ఎనిమిది తీగల మాండలిన్‌ను ఐదు తీగలకు కుదించి, విద్యుత్తు కలిపి, చిన్న ఫ్లాట్ పిక్‌తో ఆయన గమకాలు పలికించాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడితే శిష్యుడు అది విని తీగ మీదికి తెచ్చుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేసేనాటికి ఆ అబ్బాయికి తొమ్మిదేళ్లు. వేగంగా వాయించినప్పుడు శ్రీనివాస్ పిక్ రెండు దిక్కులా పడేది. విలంబంలో మాత్రం ఒకసారి మీటి వదిలేసి, మిగతాదంతా ఎడమచేతికి అప్పగించేవాడు. వీణ వాళ్లు సాహిత్యంలోని అక్షరాన్ని బట్టి మీటు వేస్తారు, అక్షరం సాగినంతసేపూ తీగ లాగుతూ ఉంటారు. పెడల్ స్టీల్ మీద ఆ సాగదీసే పని కడ్డీ, ఎడమపాదం పంచుకుంటాయి. కుడిపాదం కింద ధ్వని పెంచే పెడల్ ఉంటుంది. మీటిన జోరు తగ్గుతుంటే దాన్ని నెమ్మదిగా నొక్కి స్వరాన్ని ఎత్తిపట్టొచ్చు. ఇంతమంది సాయం చేసేచోట కుడిచేయి ఒక్కో అక్షరానికి ఒక్కో మీటు కచ్చితంగా వేస్తే చాలు.

పోయేదీ ఉంది. అమెరికా కంట్రీ పాటల్లో 5, 6, 8 తీగలను ఒకేసారి లాగి తీగల గుత్తి మోగిస్తారు. మధ్యలో 7వ తీగ మోగకూడదు. మూడు వేళ్లకు అది చిటికెలో పని, ఫ్లాట్ పిక్‌తో గీస్తే 7 కూడా మోగి చెడిపోతుంది. ఆ సంగీతం వాయించాలనుకునేవాడు ఫింగర్ పిక్కులే నేర్చుకోవాలి. లేదంటే ఫ్లాట్ పిక్ పట్టుకునే, మధ్యవేలికీ ఉంగరంవేలికీ పిక్కులు తొడుక్కుని ఆ రెండు వేళ్లనూ గుత్తుల కోసం ఉంచుకోవాలి. ఆ మిశ్రమ పద్ధతికి చేయి అలవాటుపడటం కష్టమే. మనకు తంబూరా తప్ప ఇంకే గుత్తీ అక్కర్లేదు కాబట్టి ఈ లోటు మనల్ని బాధించదు.

కొత్తగా ప్రయత్నించేవాళ్లు హంసధ్వనితో మొదలుపెడితే బాగుంటుంది. అందులో మ, ద లేవు కాబట్టి పెడల్ తొక్కాల్సిన పనే లేదు. 8, 7, 6, 5, 2, 4, 1, 3 తీగల మీద ఆరోహణ పై గాంధారం దాకా వెళ్లిపోతుంది. పాదాలు ఊరికే ఉంటే మీటు తప్పొప్పులు విడిగా వినబడతాయి. దిగేటప్పుడు 3, 1, 4, 2, 5 తీగల మధ్య మళ్లీ అటూ ఇటూ ఊగుతూ వచ్చి, 6, 7, 8లను వరసగా ఇవతలికే మీటాలి. ఈ చివరి మూడు మీట్లకు అరచేతి అంచు కొంచెం లేవాలి, లేకపోతే అది మీటబోయే తీగనే నొక్కేస్తుంది. ఎంత లేపాలన్నది ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది.