నాలుగింటికా, నాలుగున్నరకా?

వాన వెలిసిన మర్నాడు మా చేజర్ల మెట్టపొలాల్లో రైతు ముందుగా చేసే పని, పిడికెడు మట్టి తీసి నొక్కి చూడడం. ముద్దగా అంటుకుంటే ఇంకా ఆగాలి. పొడిపొడిగా విడిపోతే పదునొచ్చినట్టు. క్రికెట్ విలేకరి నెవిల్ కార్డస్ రాసిన ఒక ముచ్చట చదివినప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొస్తాయి.

లీడ్స్‌లో వాన కురిసి ఎండ కాసింది. పిచ్‌ను పూర్తిగా కప్పే ఆచారం లేని రోజులవి. తడిసిన నేల ఆరేటప్పుడు బంతి గుచ్చుకుని తిరుగుతుంది, ఉన్నట్టుండి లేస్తుంది. యార్క్‌షైర్ బౌలర్లు ఎమట్ రాబిన్సన్, విల్‌ఫ్రెడ్ రోడ్స్ పిచ్ దగ్గరికెళ్లి వంగి వేళ్లతో నొక్కి చూశారు. నాలుగింటికల్లా జిగటకొస్తుందన్నాడు రాబిన్సన్. కాదు, నాలుగున్నరకు అన్నాడు రోడ్స్.

అంతే. ఇందులో పరుగుల్లేవు, వికెట్లూ లేవు. కానీ ఆ అరగంట తేడా చూడండి. రాబిన్సన్‌కు బంతి ఎప్పుడు చేతికొస్తుందా అన్న ఆత్రం. 1899 నుంచి టెస్టులాడుతున్న రోడ్స్‌ది నేలను చదివిన నిదానం. ఏ విశేషణమూ వాడకుండా, రెండు గడియారపు అంకెలతో ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు కార్డస్. నాకు ఆయన పనితనమంతా ఇక్కడే కనిపిస్తుంది.

1888లో మాంచెస్టర్‌లో పుట్టాడు. తండ్రి ఎవరో తెలియదు. ఊరివాళ్ల బట్టలుతికే తాతయ్య, అమ్మమ్మల ఇంట్లో పెరిగాడు. బడి చదువు కొద్దే, మిగతాదంతా గ్రంథాలయాల్లో సంపాదించుకున్నదే. కొన్నాళ్లు ష్రూస్‌బరీ బడిలో పిల్లలకు క్రికెట్ నేర్పాడు. 1917లో ‘మాంచెస్టర్ గార్డియన్’లో చేరాడు. 1919లో జబ్బుపడి కోలుకుంటుంటే, కాస్త గాలి తగులుతుందని వార్తా సంపాదకుడు ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి పంపాడు. అలా మొదలైన రాతలు ‘క్రికెటర్’ అన్న కలం పేరుతో ఏళ్ల తరబడి సాగాయి. తర్వాత అదే పత్రికకు సంగీత విమర్శకుడూ అయ్యాడు. ఆయన వాక్యాల్లోని లయకు ఆ చెవే కారణమని నా నమ్మకం.

ఇంగ్లండ్‌లో రేడియోలో క్రికెట్ మొదటిసారి వినిపించింది 1927లో. అంతకుముందు మైదానానికి రాలేనివాడికి పొద్దున వచ్చే పత్రికే కన్ను. స్కోరు పట్టిక ఆట ఫలితం చెబుతుంది గానీ ఆటగాడి నడక చూపించదు. కార్డస్ ఆ నడక రాశాడు.

ఒక మాట దాచకూడదు. ఆటగాళ్లు అనని మాటలు వాళ్ల నోట పెట్టానని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. విలేకరికది తప్పే. వార్త రాసేవాళ్లు ఆయన దగ్గర నేర్చుకోవలసింది కల్పన కాదు, చూపు. బంతి పడకముందు, ఓవర్ల మధ్య, వాన వెలిశాక, అందరూ తల తిప్పుకున్నప్పుడు చూసే చూపు.

రాబిన్సన్ ఇంగ్లండ్ తరఫున ఒక్క టెస్టూ ఆడలేదు. అయినా ఇక్కడ, ఆత్మకూరు దారిలో తడిసిన చేల పక్కన నడుస్తున్నప్పుడు, వేలికి మట్టంటుకుని నాలుగింటి కోసం ఎదురుచూస్తున్న ఆ మనిషి నాకు తెలుసు.