అమెరికా అంతర్యుద్ధంలో నల్లజాతి దళం: సేనాని, శిబిర స్త్రీ రచనల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా అంతర్యుద్ధం (1861–1865)లో బానిసత్వం నుంచి బయటపడినవారితో ఏర్పడిన తొలి దళాలలో ‘ఫస్ట్ సౌత్ కరోలినా వాలంటీర్స్’ ఒకటి. దానికి నాయకత్వం వహించిన శ్వేతజాతి కర్నల్ థామస్ వెంట్‌వర్త్ హిగిన్సన్ 1870లో ‘ఆర్మీ లైఫ్ ఇన్ ఎ బ్లాక్ రెజిమెంట్’ ప్రచురించాడు. అదే దళంలో బట్టలుతికే పనికి చేరి, చదువు చెప్పి, రోగులకు సేవ చేసిన నల్లజాతి స్త్రీ సూసీ కింగ్ టేలర్ 1902లో తన శిబిర జ్ఞాపకాలను గ్రంథంగా తెచ్చింది. సేనానాయకత్వం, సైనికుడు, జాతి భావన అనే మూడు అంశాలు ఈ రెండు రచనలలో ఎలా వ్యక్తమయ్యాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హిగిన్సన్ రచన సైనికుల యోగ్యతను లోకానికి నిరూపించే ప్రయత్నమనీ, టేలర్ రచన ఆ సేవకు దేశం చెల్లించవలసిన బాకీని లెక్కగట్టే ప్రయత్నమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అంతర్యుద్ధం, నల్లజాతి సైనికులు, సేనానాయకత్వం, జాతి వివక్ష, స్వానుభవ సాహిత్యం, హిగిన్సన్, సూసీ కింగ్ టేలర్.

1. ప్రవేశిక

యుద్ధ చరిత్రను సాధారణంగా సేనానులు రాస్తారు. సైనికుడు అందులో సంఖ్యగా కనిపిస్తాడు. సైనికుని భార్య, వంట చేసిన చేయి, గాయానికి కట్టు కట్టిన చేయి సంఖ్యగా కూడా కనిపించవు. అమెరికా అంతర్యుద్ధం విషయంలో ఈ పరిమితికి జాతి భావన కూడా తోడైంది. యుద్ధం మొదలైనప్పుడు యూనియన్ ప్రభుత్వం నల్లజాతివారిని సైన్యంలోకి తీసుకోవడానికి ఒప్పుకోలేదు. 1862 జూలై 17న చేసిన చట్టం అందుకు దారి తెరిచింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,79,000 మంది నల్లజాతివారు యూనియన్ సైన్యంలో పనిచేశారు. వారిపై అధికారులుగా నియమితులైనవారు దాదాపు అందరూ శ్వేతజాతివారే. కాబట్టి ఈ దళాల చరిత్రలో నాయకత్వం, జాతి అనేవి విడదీయరాని అంశాలు. ఒకే దళాన్ని పైనుంచి చూసిన గ్రంథం, లోపలినుంచి చూసిన గ్రంథం రెండూ లభించడం అరుదు. ఈ దళం విషయంలో ఆ రెండూ లభిస్తున్నాయి.

2. దళం ఏర్పాటు: అపనమ్మకపు పునాది

సౌత్ కరోలినా తీర ద్వీపాలలో 1862 మే నెలలో జనరల్ డేవిడ్ హంటర్ ఒక నల్లజాతి దళాన్ని సమీకరించాడు. విముక్తి పేరిట జరిగిన ఈ సమీకరణలో బలవంతం ఉంది. తోటల్లో పనిచేసుకుంటున్న పురుషులను సైనికులు పట్టి తీసుకుపోయారు. జీతం అందలేదు. ఆగస్టులో ఒక్క కంపెనీ మినహా దళం రద్దయింది. తరువాత జనరల్ రూఫస్ సాక్స్‌టన్‌కు యుద్ధశాఖ అనుమతి ఇచ్చింది. నవంబరులో హిగిన్సన్ కర్నల్‌గా వచ్చాడు. హంటర్ దళానికి జీతం అందకపోవడం వల్ల కొత్తవారు చేరడానికి జంకారని హిగిన్సనే నమోదు చేశాడు. స్వేచ్ఛ ఇస్తామన్నవారే మాట తప్పిన అనుభవం ఈ దళానికి పుట్టుకతోనే వచ్చిందని దీనివల్ల తెలుస్తుంది.

3. కర్నల్ దృష్టి: అభిమానం, అంచనా, సవరణ

హిగిన్సన్ సాధారణ సైనికాధికారి కాడు. ఆయన మతబోధకుడు, బానిసత్వ నిర్మూలనవాది. 1854లో బోస్టన్‌లో ఆంథొనీ బర్న్స్ అనే బానిసను విడిపించే ప్రయత్నంలో పాల్గొన్నాడు. జాన్ బ్రౌన్‌కు రహస్యంగా సహాయం చేసిన ఆరుగురిలో ఒకడు. కవయిత్రి ఎమిలీ డికిన్సన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపిన సాహిత్యవేత్త కూడా. ఇటువంటి వ్యక్తి రచనలో జాతి భావన ద్వేషంగా కనిపించదు. అభిమానం రూపంలో కనిపిస్తుంది. అందుకే దానిని గుర్తించడం కష్టం.

శిబిర దినచర్యలోని తొలి పుటలలో ఆయన తన సైనికులను అమాయకులుగా, ఉల్లాసవంతులుగా, ఎన్నటికీ పిల్లలుగానే ఉండే జనంగా వర్ణించాడు. రాత్రి మంటల చుట్టూ వారు పాడిన భక్తిగీతాలను స్కాట్లండ్ జానపద గాథలు సేకరించినవారి ఉత్సాహంతో రాసుకున్నాడు. ఆ సేకరణ నేటికీ విలువైనదే. అయినా ఆ దృష్టిలో సైనికుడు పరిశీలించదగిన వస్తువు, పరిశీలకుడు కర్నల్. ఈ అసమానతను తొలి పుటలు ప్రశ్నించవు.

ప్రశ్న సంఘటనల నుంచి వచ్చింది. 1863 జనవరిలో సెయింట్ మేరీస్ నది యాత్రలో కార్పొరల్ రాబర్ట్ సటన్ దళానికి దారి చూపాడు. అతడు అదే నదీతీరంలో బానిసగా బతికినవాడు. అతని పూర్వపు యజమానురాలి ఇంటికి దళం చేరినప్పుడు, హిగిన్సన్ అతనిని కార్పొరల్ రాబర్ట్ సటన్‌గా పరిచయం చేశాడు. తమ ఇంట అతనిని ‘బాబ్’ అని పిలిచేవారమని ఆమె బదులిచ్చింది. పూర్తి పేరుకు, పొట్టి పేరుకు మధ్యనున్న ఆ దూరమే యుద్ధం వివాదాంశం. పూర్తి పేరుతో, హోదాతో పరిచయం చేయడం ద్వారా హిగిన్సన్ యజమాని భాషను రద్దు చేశాడు. ఆ ఇంటి ఆవరణలోని బానిసల చెరను సటనే తన కర్నల్‌కు చూపించాడు. బానిసత్వ సమస్యను సటన్ తనకంటే లోతుగా అర్థం చేసుకున్నాడనీ, ఆ విషయంలో తాను నేర్పగలిగింది లేదనీ, నేర్చుకున్నదే ఎక్కువనీ హిగిన్సన్ ఒప్పుకున్నాడు. ఎన్నటికీ పిల్లలనే మాటకు ఇది సవరణ. సవరణకు ముందున్న మాటను ఆయన కొట్టివేయలేదు. గ్రంథంలో రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ వైరుధ్యమే దాని చారిత్రక విలువ.

4. ఆజ్ఞకు రంగు

దళంలో శ్వేతజాతి అధికారులకూ సామాన్య సైనికులకూ నడుమ నల్లజాతి సార్జెంట్లు, కార్పొరల్‌లు ఉండేవారు. తమ జాతివాడే తమకు ఆజ్ఞ ఇస్తే తెల్లవాని పాత్ర పోషిస్తున్నాడని కొందరు సైనికులు అభ్యంతరపెట్టారని హిగిన్సన్ రాశాడు. బానిస వ్యవస్థలో ఆజ్ఞ ఎప్పుడూ తెల్లవాని నోటి నుంచే వచ్చింది. కాబట్టి ఆజ్ఞ అంటేనే తెల్లదనం అనే భావన పాతుకుపోయింది. కెప్టెన్‌కు సార్జెంటు లోబడినట్టే, కర్నల్‌కు కెప్టెన్ లోబడతాడనీ, విధేయత హోదాకే తప్ప రంగుకు కాదనీ వారికి వివరించవలసి వచ్చింది.

హిగిన్సన్ వివరణ సమంజసమే, కాని అసంపూర్ణం. హోదాకు రంగు లేదని ఆయన చెప్పాడు. కెప్టెన్ స్థానానికి నల్లజాతివారిని సైన్యం ఎందుకు రానివ్వలేదన్న ప్రశ్నకు ఆ వివరణలో జవాబు లేదు. వర్ణ సార్జెంటుగా పతాకం మోసిన ప్రిన్స్ రివర్స్‌లో రాజుకు తగిన లక్షణాలున్నాయని ఆయన మెచ్చుకున్నాడు. కాని రివర్స్ యుద్ధకాలంలో సార్జెంటు స్థాయి దాటలేదు. యుద్ధానంతరం అతడు 1868 రాజ్యాంగ సభలోనూ, సౌత్ కరోలినా శాసనసభలోనూ కూర్చున్నాడు. సైన్యం నిరాకరించిన నాయకత్వాన్ని పౌరజీవితం కొంతకాలం గుర్తించింది.

5. జీతం: ఒకే పోరాటం, రెండు కథనాలు

ఈ దళానికి శ్వేత సైనికులతో సమానమైన జీతం ఇస్తామని యుద్ధశాఖ మొదట మాట ఇచ్చింది. శ్వేత సైనికునికి నెలకు 13 డాలర్లు. 1863లో ఆ మాట తప్పి, నల్లజాతి సైనికునికి 10 డాలర్లు నిర్ణయించి, అందులో 3 డాలర్లు దుస్తుల కింద మినహాయించారు. 1864 జూన్ చట్టం సమాన జీతం ఇచ్చినా, చేరిన నాటి నుంచి బకాయిలను యుద్ధానికి ముందే స్వతంత్రులైనవారికి పరిమితం చేసింది. మొన్నటి వరకు బానిసలైనవారికి ఆ న్యాయం 1865 మార్చి చట్టంతో గాని దక్కలేదు. ఈ మధ్యకాలంలో థర్డ్ సౌత్ కరోలినా దళానికి చెందిన సార్జెంట్ విలియం వాకర్, అన్యాయపు జీతానికి నిరసనగా తన కంపెనీ చేత ఆయుధాలు దింపించినందుకు తిరుగుబాటు నేరం కింద 1864 ఫిబ్రవరి 29న మరణశిక్షకు గురయ్యాడు.

హిగిన్సన్ పత్రికలకు లేఖలు రాశాడు, ప్రభుత్వాన్ని నిలదీశాడు. ఆ పత్రాలను గ్రంథం చివర అనుబంధంగా చేర్చాడు. అక్కడ జీతం దేశపు మాటకూ, గౌరవానికీ సంబంధించిన విషయం. టేలర్ కథనంలో అదే జీతం ఇంటి పొయ్యికి సంబంధించిన విషయం. భర్తల చేతిలో డబ్బు లేనందున భార్యలు నౌకాధికారులకు, సైనికులకు బట్టలుతికి, కేకులు చేసి శిబిరంలో అమ్మి పిల్లలను పోషించుకున్నారని ఆమె రాసింది. సగం జీతాన్ని సైనికులు నిరాకరించారనీ, పూర్తిగా ఇస్తే ఇవ్వండి, లేకుంటే వద్దన్నారనీ నమోదు చేసింది. ఆ ఆత్మగౌరవ ప్రకటన వెనుక స్త్రీల చాకిరి ఉందని ఈ కథనం ద్వారానే తెలుస్తుంది. పూర్తి జీతం 1864లోనే అందినట్టు టేలర్ చెప్పడం మాత్రం చట్టాల క్రమంతో సరిపోదు. తేదీల విషయంలో హిగిన్సన్ అనుబంధమే ఆధారం. నిరసనకు ఎవరు ఎంత మూల్యం చెల్లించారన్న విషయంలో టేలర్ గ్రంథమే ఆధారం.

6. టేలర్: బాకీని గుర్తుచేసిన గొంతు

సూసీ 1848లో జార్జియాలో బానిసగా పుట్టింది. సవానా నగరంలో అమ్మమ్మ వద్ద పెరుగుతూ, పుస్తకాలు కాగితంలో చుట్టి దాచుకుని రహస్య పాఠశాలకు వెళ్ళింది. 1862లో యూనియన్ ఆధీనంలోని ద్వీపాలకు చేరి, పధ్నాలుగేళ్ళు నిండకముందే బడి నడిపింది. దళంలోని సార్జెంట్ ఎడ్వర్డ్ కింగ్‌ను పెళ్ళాడింది. సైనికులకు అక్షరాలు నేర్పింది, తుపాకీ శుభ్రం చేయడం, కాల్చడం నేర్చుకుంది. మశూచి సోకినవానికి దగ్గరుండి సేవచేసింది. నాలుగేళ్ళకు పైగా చేసిన సేవకు ఒక్క డాలరు కూడా పుచ్చుకోలేదని రాసుకుంది. సైనిక నర్సులకు తరువాత వచ్చిన పింఛను ఆమెకు అందలేదు. సాంకేతిక కారణంతో ఆమె పేరు జాబితాకెక్కలేదని దళాధికారి ట్రోబ్రిడ్జ్ విచారం తెలిపిన లేఖను ఆమె గ్రంథంలోనే చేర్చింది. హిగిన్సన్ అనుబంధం సైనికుల బకాయిల పత్రం. టేలర్ చేర్చిన ఈ లేఖ తీరని బకాయికి పత్రం.

ఆమె హిగిన్సన్‌ను నిందించలేదు. దళంలో ప్రతివారికీ ఆయనంటే ఇష్టమని రాసింది. ఆమె ప్రశ్న దేశానికి ఉద్దేశించినది. 1898లో లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో కొడుకు మరణశయ్యపై ఉంటే ఆమె వెళ్ళింది. నల్లజాతివాడు కావడం వల్ల రైలులో పడక దొరకక, అతనిని ఇంటికి తెచ్చుకోలేకపోయింది. రైళ్ళలో జాతి విభజనను సుప్రీంకోర్టు 1896లో సమర్థించిన వ్యాజ్యం పుట్టింది ఆ రాష్ట్రంలోనే. విజేత సైన్యానికి సేవచేసిన తల్లికి, యుద్ధం ముగిసిన మూడు దశాబ్దాల తరువాత ఒక పడక దొరకలేదు. ఆ యుద్ధం వృథాయేనా అన్న ఆమె ప్రశ్న ఈ అనుభవం పక్కనే వినాలి. ఇందుకు భిన్నంగా హిగిన్సన్ 1878లో పాత యుద్ధభూములను సందర్శించి ఆశాజనకమైన వ్యాసం రాశాడు. చూడడానికి వెళ్ళినవానికి కనిపించిన దక్షిణాది వేరు, అక్కడి రైలెక్కినవారికి కనిపించిన దక్షిణాది వేరు.

7. సానుభూతి, స్వానుభవం

తెలుగు దళిత సాహిత్య విమర్శ సానుభూతి రచనకూ స్వానుభవ రచనకూ మధ్య భేదాన్ని విస్తృతంగా చర్చించింది. ఆ విభజన ఇక్కడ ఉపయోగపడుతుంది, కాని యథాతథంగా సరిపోదు. సానుభూతిపరుడైన హిగిన్సన్ తన అజ్ఞానాన్ని తానే నమోదు చేశాడు. స్వానుభవం గల టేలర్ గ్రంథానికి ఆయన తొలిపలుకు అవసరమైంది. నల్లజాతి సైనికులను స్త్రీ దృష్టి నుంచి చిత్రించిన తొలి రచన ఇదేనని ఆయన అందులో గుర్తించాడు. ఆ మాట నిజమే. అయితే 1902లోనూ నల్లజాతి స్త్రీ సాక్ష్యానికి తెల్ల కర్నల్ సంతకం ముందు నిలవవలసి రావడం ఆనాటి ప్రచురణ లోకపు జాతి భావనకు నిదర్శనం.

8. ముగింపు

నల్లజాతివారు యుద్ధం చేయగలరా అన్నది హిగిన్సన్ జవాబు చెప్పిన ప్రశ్న. పట్టుబడితే ఉరి తప్పదని తెలిసీ పోరాడినవారి ధైర్యాన్ని ఆయన నిజాయితీగా నిరూపించాడు. కాని ఆ నిరూపణ భారం నల్లజాతి సైనికులపై మాత్రమే పడింది. శ్వేత సైనికుని యోగ్యతకు ఎవరూ రుజువు అడగలేదు. టేలర్ ఆ ప్రశ్నను అంగీకరించలేదు. పోరాడినవారికి ఏమి ఇచ్చారన్నది ఆమె ప్రశ్న.

ఆమె గ్రంథంలో ఒక దృశ్యం ఉంది. మోరిస్ ద్వీపంలో కోట బయట పుర్రెలు చెల్లాచెదురుగా పడి ఉండేవి. దారికి అడ్డమైనవాటిని ఆమె పక్కకు జరిపేది. అవి తమవారివా, శత్రువులవా అని శిబిరంలో తర్కించుకున్నారు. తేల్చే మార్గం లేకపోయింది. మరణంలో తేలని ఆ తేడాను జీతాల పట్టిక, పింఛను జాబితా, రైలుపెట్టె మాత్రం బతికినవారిలో తేల్చి చూపాయి. సేనాని గ్రంథాన్ని ఒంటిగా చదివితే ఆ దళపు శౌర్యం తెలుస్తుంది. శిబిర స్త్రీ గ్రంథాన్ని దాని పక్కన పెట్టి చదివినప్పుడే ఆ శౌర్యానికి తీరని బాకీ ఎంతో తెలుస్తుంది.