చూడలేని చిత్రకారుడు: ‘ఆరాన్’పై ఒక పరిశీలన

కళలనూ కంప్యూటర్ శాస్త్రాన్నీ కలిపి పీజీ స్థాయిలో చదవడమంటే ఏమిటి? సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు వేయడం నేర్చుకోవడమేనని చాలామంది అభిప్రాయం. అది ఎంతవరకు సరైనదో ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

హెరాల్డ్ కోహెన్ (1928-2016) బ్రిటిష్ చిత్రకారులు. 1966లో వెనిస్ బియెనాలేలో తమ దేశానికి ప్రాతినిధ్యం వహించారు. 1968లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చాక ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. అప్పటికి ఆయన వయస్సు నలభై. 1970ల తొలినాళ్లలో ప్రారంభించిన ‘ఆరాన్’ అనే ప్రోగ్రామును దశాబ్దాలపాటు మెరుగుపరుస్తూ వచ్చారు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆరాన్ నేటి ప్రోగ్రాముల వలె లక్షలాది బొమ్మల నుంచి నేర్చుకున్నది కాదు. మూసిన ఆకారానికీ తెరిచిన ఆకారానికీ తేడా ఏమిటి? ఒక వస్తువు మరొకదాని వెనుక ఉంటే ఏ భాగం కనిపించదు? ఇటువంటి వాటిని కోహెన్ నియమాలుగా రాశారు. అంటే చిత్రకారుని చేతికి తెలిసినదాన్ని మాటల్లో పెట్టారు. ఆరాన్ గొప్పతనం ఇదే.

ఇది మనకు పూర్తిగా కొత్త విషయం కాదు. చుక్కల ముగ్గుకూ నియమాలున్నాయి. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ శిరోమణి సహ రచయితలతో కలిసి 1974లోనే కోలం ముగ్గులకు గణిత వ్యాకరణం రూపొందించి ప్రచురించారు.

అయితే ముగ్గు వేసే ఇల్లాలు చుక్క తప్పితే చూసి సరిదిద్దుకుంటుంది. ఆరాన్‌కు ఆ వీలు లేదు. తాను గీసిన గీతల వివరాలు దాని జ్ఞాపకంలో ఉంటాయి గాని, కాగితాన్ని అది చూడలేదు. రంగుల విషయంలో ఈ లోపం స్పష్టమైంది. కంటితో చూస్తూ రంగులు సరిచూసుకునే చిత్రకారుని పద్ధతి దానికి పనికిరాలేదు. అందువల్ల చాలాకాలం కోహెనే స్వయంగా రంగులు వేశారు. తరువాత వెలుగు నీడల వ్యత్యాసం ఆధారంగా రంగుల నియమాలు రాశారు. చివరి సంవత్సరాల్లో మళ్లీ తానే రంగులు వేశారు. నా దృష్టిలో ఇది ఓటమి కాదు. ఏది నియమానికి లొంగుతుందో, ఏది లొంగదో తెలుసుకోవడమే ఈ చదువుకు ఫలం.

ఈ సందర్భంలో నా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక విద్యార్థిని చిత్రలేఖనం, ప్రోగ్రామింగ్ రెండూ చదువుతానంటే, “రెండు పడవల మీద కాళ్లు పెట్టకమ్మా” అన్నాను. ఆమె ఒక పడవ దిగిపోయింది. కోహెన్ కృషిని శ్రద్ధగా చదివాక నా సలహా తప్పని తెలిసింది. ఆయన రెండు పడవల మీద లేరు. చిత్రకళకు సంబంధించిన ప్రశ్ననే మరో భాషలో అడిగారు.

కాబట్టి ఇటువంటి కోర్సులో చేరదలచిన మీరు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారని అడిగే ముందు, మీ దగ్గర ఉన్న ప్రశ్న ఏమిటో నిర్ణయించుకోండి. ప్రశ్న లేకపోతే రెండు శాస్త్రాలూ పైపైనే మిగులుతాయి.

అభ్యాసం: మీకు తెలిసిన ఒక చుక్కల ముగ్గును, దాన్ని ఎన్నడూ చూడనివారు కూడా వేయగలిగేటట్లు పది వాక్యాల్లో వివరించండి. ఏ వాక్యం దగ్గర మీ కలం ఆగిందో గుర్తించి, కారణం రాయండి.