సారంగధరుని కథ - చారిత్రకత

రాజమహేంద్రవరమున సారంగధరుని మెట్ట నెరుగనివారు అరుదు. తన మోహమును నిరాకరించిన సవతికొడుకుపై చిత్రాంగి కొండెములు చెప్పగా, వానిని నమ్మి రాజరాజనరేంద్రుడు కుమారుని కాలుసేతులు నరికించెనని కథ. నన్నయభట్టుచే భారతమును వ్రాయించిన ప్రభువుపై మోపబడిన ఈ నేరము నిజమా? కావ్యమును చరిత్రకు సాక్ష్యముగా గ్రహింపవచ్చునా అను ప్రశ్న ఇందు ఇమిడియున్నది గనుక, ఇది సాహిత్య విమర్శకులకును విచారణీయమే.

ముందుగా శాసనములను చూతము. క్రీ. శ. 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజునకు రాణి రాజేంద్రచోళుని కూతురు అమ్మంగదేవి. వారి కుమారుడు రాజేంద్రుడు 1070లో చోళసింహాసనమెక్కి కులోత్తుంగుడాయెను. సారంగధరుడను కుమారుడు గాని, చిత్రాంగియను రాణి గాని ఆ వంశపు శాసనములలో కానరారు. తమ ఇంటి నెత్తుటిని రాజులు రాగిరేకులపై చెక్కించుకొందురా యని కొందరు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ సమంజసమే. కాని కావ్యముల వరుసయే ఈ సందేహమును తీర్చుచున్నది.

పదునైదవ శతాబ్దమున గౌరన రచించిన నవనాథచరిత్రలో కథాస్థలము మాళవము. రాజు పేరు రాజమహేంద్రుడు. అంగములు తెగిన కుమారుడు సిద్ధుని కృపచే చౌరంగియను యోగి యగును. సియాల్‌కోటలో చెప్పుకొను పూరన్ భగత్తు కథయు ఇట్టిదే: సవతితల్లి నింద, తండ్రి విధించిన శిక్ష, గోరఖనాథుని కరుణ. కావున ఇది నాథయోగుల వెంట దేశమంతట తిరిగిన కథ. చేమకూర వేంకటకవి నాటికి ఆ రాజు రాజమహేంద్రవరము నేలిన రాజరాజైనాడు. పేరులోని పోలికయే ఈ మార్పునకు దారితీసియుండును. 1656లో అప్పకవి సారంగధరుని నన్నయ వ్యాకరణముతో కూడ ముడివేసెను. ధర్మవరము రామకృష్ణమాచార్యుల 'విషాద సారంగధర' వంటి నాటకములు కథను జనహృదయమున నిలిపినవి.

మరి ఆ వంశమున బంధుహత్య జరుగలేదా? జరిగినది. రాజరాజు తాత దానార్ణవుడు 970లో తన సవతితమ్ముడైన రెండవ అమ్మరాజును చంపి రాజ్యమును గైకొనెను; 973లో జటాచోడభీముని చేతిలో తానును హతుడయ్యెను. రాజరాజుపై అతని సవతితమ్ముడు విజయాదిత్యుడు పలుమారులు కత్తి కట్టెను. శాసనములకెక్కిన ఈ కలహములకు సారంగధరుని కథకున్న ప్రచారములో శతాంశమైనను లేదు.

దీనికి కారణము ఊహింపదగినదే. సింహాసనమునకై జరిగిన హత్యలో దోషి రాజే. చిత్రాంగి కథలోనో, దోషమంతయు స్త్రీపై పడును. నరికించిన తండ్రి మోసపోయినవాడై మన జాలికి పాత్రుడగును. వినుటకు ఇది సుఖతరమైన నేరము.

సారంగధర కావ్యనాటకములలోని కరుణరసమును కాదనువారు లేరు. కాని వానిని చూపి రాజరాజును పుత్రహింసకునిగా నిర్ణయించుటయు, నన్నయ రచనల కాలమును చర్చించుటయు తగవు. కావ్యము రసమునకు ప్రమాణము. నేరమునకు సాక్ష్యము కాదు.