గొంతు ఒకరిది, స్టైల్ ఇంకొకరిది

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి తిరిగొస్తున్నాం. దారిలో ఓ డీజే బండి ‘డీజే టిల్లు’ టైటిల్ సాంగ్ ఎత్తుకుంది. మా బాబాయి కొడుకు, డిగ్రీ కుర్రాడు, అచ్చం టిల్లులాగే భుజాలు ఎగరేస్తూ రోడ్డు మీదే స్టెప్పులు మొదలెట్టాడు. పాడిందెవర్రా అంటే ‘సిద్ధు కదన్నయ్యా’ అన్నాడు.

పాడింది, ట్యూన్ కట్టింది రామ్ మిరియాల. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. ఆ చొక్కాలు, ఆ జుట్టు, ఆ నడక అన్నీ సిద్ధు జొన్నలగడ్డవే. కాకపోతే ఆ నడకలో ఊపు సగం ఆ గొంతు ఇచ్చిందే.

‘చౌరస్తా’ బ్యాండ్‌లో ఉన్నప్పుడు రామ్ ముఖం మనకి కనబడేది. ‘ఊరెళ్ళిపోతా మామా’లో ఊరెళ్దామనుకునే ‘నేను’ అతనే. హైదరాబాదులో అమలాపురం బస్సెక్కి అది వింటే ఆ ‘నేను’ నేనే అయిపోతాను. బ్యాండ్ నుంచి విడిపోయాక ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ (2021), ఆ తర్వాత టిల్లు (2022). రెండూ నాకిష్టమే. ‘చిట్టి’లో ఆ అమాయకపు సాగదీత ఇంకెవరికీ కుదరదేమో. కానీ ఆ అమాయకత్వం నవీన్ పోలిశెట్టి ఖాతాలో పడింది. మన దగ్గర బ్యాండ్ వదిలి సోలో అవడమంటే చాలావరకు ఇంకొకరి పెదాల వెనక్కి వెళ్ళడమే.

బ్రిటిష్ పాప్‌లో దారి దీనికి ఎదురు. వన్ డైరెక్షన్ తర్వాత హ్యారీ స్టైల్స్ 2017లో తెచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద కనిపించేది గులాబీ నీళ్ళలో అతని వీపే. అయినా ఆల్బమ్ పేరే అతని పేరు.

జార్జ్ మైకేల్ కథ ఇంకా తమాషా. 1986లో ‘వామ్!’కి వెంబ్లీలో వీడ్కోలు చెప్పి, మరుసటేడు ‘ఫెయిత్’తో వచ్చాడు. లెదర్ జాకెట్, చిరుగు జీన్స్, మాసిన గడ్డం, గిటార్. ఆ వేషం ఎంత అంటుకుందంటే తర్వాత తనకే భరించరానిదైంది. 1990లో ‘ఫ్రీడమ్! 90’ వీడియోలో కనిపించనన్నాడు. డేవిడ్ ఫించర్ తీశాడు దాన్ని. నయోమీ క్యాంప్‌బెల్, సిండీ క్రాఫర్డ్ లాంటి మోడళ్ళు పెదాలు కదుపుతుంటే, ఆ జాకెట్ హ్యాంగర్‌కి వేలాడుతూ తగలబడిపోతుంది. అంటే కావాలని ప్లేబ్యాక్ సింగర్ అయ్యాడన్నమాట! ఇక్కడ అందరికీ రాసిపెట్టి ఉన్న పనిని అక్కడ తిరుగుబాటుగా చేశాడు. సోనీ తనని సరిగ్గా ప్రచారం చెయ్యలేదని కోర్టుకెళ్ళి 1994లో ఓడిపోయాడు కూడా. కానీ వదులుకోవడానికి ముందు అతనికంటూ ఓ ముఖం ఉంది.

మనకి అలాంటి సోలో అసలు లేదని కాదు. ఘంటసాల ‘పుష్పవిలాపం’ ప్రైవేటు రికార్డు. వింటున్నప్పుడు రామారావో నాగేశ్వరరావో కళ్ళముందుకి రారు. ఆయన ‘భగవద్గీత’ సంగతి సరే సరి, మా వైపు వీధి చివర అది వినిపిస్తే ఎవరింట్లో పోయారా అని చూస్తాం. సినిమా వాటిని మింగలేకపోయింది.

ఇందులో నా ఏడుపూ కొంత ఉంది. నేను రాసిన కోడంతా క్లయింట్ల పేరు మీదే బయటికెళ్ళింది. జీతం వస్తుంది, నిజమే. ప్లేబ్యాక్‌కీ వస్తుంది.

ఆ రాత్రి మావాడికి ‘ఊరెళ్ళిపోతా మామా’ వీడియో చూపించాను. శ్రద్ధగానే చూశాడు. ‘ఈయన బాగున్నాడన్నయ్యా, ఏ సినిమాలో చేశాడు?’ అన్నాడు.