కొత్త విండోస్, పాత తెలుగు ఫైళ్లు

కంప్యూటర్‌లో దాచిన తెలుగు పత్రాన్ని చదవాలంటే నాలుగు కావాలి: ఫైలు, దాన్ని తెరిచే ప్రోగ్రాం, అక్షరాలు చూపే ఫాంటు, ఇవన్నీ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). ఓఎస్ మార్చినప్పుడు చాలామంది ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుంటారు. ప్రోగ్రాం, ఫాంటు పాత సిస్టమ్‌తోనే పోతాయి. ఆ తర్వాత ఫైలు తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి కనుక ఎన్నో పాత సిస్టమ్‌లను పక్కన పెట్టక తప్పదు. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో ఉన్న డెంకణికోట, హోసూరు, కెలమంగలం, తళి ప్రాంతాల్లో తెలుగు పత్రాలున్న ప్రతి ఒక్కరూ ఓఎస్ మార్పును జాగ్రత్తగా చేయాల్సిన సమయం ఇది.

ఈ చిక్కు ఎక్కడ పుట్టిందో తెలిస్తే పరిష్కారం సులువవుతుంది. అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ 1991లో వచ్చింది, దాని తొలి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. విండోస్‌లో మాత్రం 2001లో ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చాకే తెలుగుకు నేరుగా చోటు దొరికింది. అప్పటికే అచ్చు పని చాలావరకు పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాంలో అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో సాగుతోంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు కాబట్టి ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అలాగే సాగింది. ఈ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్టు, కొమ్ము, ఒత్తు వంటి తెలుగు ముక్కలను కూర్చాయి. అంటే ఫైలులో ఉన్నది తెలుగు కాదు, ఆ స్థానాల సంఖ్యలు మాత్రమే. వాటిని తెలుగుగా చూపేది ఫాంటు. ఫాంటు లేకపోతే దాన్ని తెలుగుగా చదవలేం.

కృష్ణగిరి జిల్లా కర్ణాటకను ఆనుకుని ఉంది. ఇక్కడ ఒకే సిస్టమ్‌లో మూడు భాషల పాత ఫైళ్లు ఉండవచ్చు: తెలుగుకు అను, కన్నడానికి నుడి, బరహ, తమిళానికి టామ్, టాబ్, వానవిల్ అమరికలు. దేని అమరిక దానిదే, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కూడా దేనిది దానిదే. తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌ను ప్రమాణంగా స్వీకరించింది కనుక తమిళ పత్రాల మార్పిడికి ప్రభుత్వ అండ ఉంది. ఇక్కడి తెలుగు కథ, గుడి చరిత్ర, బడి సంచిక మళ్లీ టైపు చేయించే సంస్థలు మాత్రం దగ్గరలో ఉంటాయని అనుకోలేం. 2006 నాటి రాష్ట్ర చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయిన జిల్లాలో తెలుగు కూర్చగలవారు ఎప్పుడూ దొరుకుతారన్న భరోసా కూడా లేదు. చాలా పుస్తకాలకు డీటీపీ ఫైలే మూలప్రతి. అది పోతే ఒక ఊరి మాట పోయినట్టే.

ముందుగా ఏ ఫైలు ఏ రకమో తేల్చుకోవాలి. ఒక తెలుగు లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. తెలుగుగానే కనిపిస్తే అది యూనికోడ్, భయం లేదు. ఇంగ్లిష్ అక్షరాలుగా మారితే పాత ఫాంటు. ఫైళ్ల పేర్లు, వాటిలో వాడిన ఫాంట్లు, ప్రోగ్రాం కూర్పు ఒక కాగితం మీద రాసుకోవాలి.

తర్వాత కాపీ. సీ డ్రైవ్ ఫార్మాట్ కొడితే డెస్క్‌టాప్ మీదివి, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోవి కూడా పోతాయన్నది గుర్తుంచుకోవాలి. ఫైళ్లతోపాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్, ప్రోగ్రాం సీడీ, సీరియల్ నంబరు, ప్రోగ్రాం నడవడానికి కంప్యూటర్‌కు గుచ్చే డాంగిల్ ఉంటే అదీ దాచాలి. రెండు వేర్వేరు చోట్ల రెండు కాపీలు ఉండాలి. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే రాసిపెట్టుకోవాలి.

పాత సిస్టమ్ నడుస్తుండగానే చేయాల్సిన అసలు పని ఒకటుంది. ప్రతి ముఖ్యమైన పత్రాన్నీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌గా తీయాలి. దీర్ఘకాలం నిలపడానికి పీడీఎఫ్/ఏ అనే ప్రమాణం 2005 నుంచి ఉంది. పీడీఎఫ్ పేజీ రూపాన్ని కాపాడుతుంది గానీ పాత ఫాంటుతో తీసినదాంట్లో తెలుగు మాట వెతకలేం. అందుకే పాఠాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి విడిగా దాచాలి.

మార్చిన పాఠాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం దిద్దాలి. పాత ఫైలులో ముక్కలు కంటికి కనిపించే వరుసలో ఉంటాయి. యూనికోడ్ హల్లు, పొల్లు, హల్లు అనే వరుసలో దాస్తుంది. ఆ తేడా దగ్గరే ఒత్తులు తారుమారవుతాయి. దిద్దేవారికి ఈ ప్రాంతపు మాట తెలిసి ఉండాలి. మొరసునాడు అని పిలిచే ఈ ప్రాంతపు పలుకుబడిని తప్పుగా ఎంచి పుస్తకాల తెలుగులోకి మార్చేస్తే పత్రం మిగిలినా రచన చెడిపోతుంది. స్పెల్‌చెక్ ఇచ్చే సలహాలనూ కళ్లు మూసుకుని ఒప్పుకోకూడదు.

మార్చడానికి వీలుకాని ఫైళ్లకు వేరే దారులున్నాయి. లిబ్రెఆఫీస్ పాత వర్డ్ ఫైళ్లను చాలావరకు, కొన్ని పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుంది. అడోబీ ఇన్‌డిజైన్ సీఎస్6 పేజ్‌మేకర్ 6, ఆ తర్వాతి కూర్పుల ఫైళ్లను తెరవగలదు, ఇన్‌డిజైన్ తర్వాతి కూర్పుల్లో ఆ వీలు లేదు. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో పాత విండోస్ నడపవచ్చు. అదీ కుదరకపోతే పాత సిస్టమ్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచుకోవాలి.

ఓఎస్ మారాక ప్రతి రకం ఫైలూ తెరిచి, ప్రింటు తీసి చూడాలి. ఫార్మాట్ కొట్టకుండా అప్‌గ్రేడ్ చేసినప్పుడు వెనక్కి వెళ్లే వీలు సాధారణంగా 10 రోజులే. పాత హార్డ్‌డిస్క్ చెరిపే పని, సిస్టమ్ అమ్మే పని అన్నీ సరిచూశాకే. ఆపైన ఏడాదికోసారి కాపీలను తెరిచి చూడాలి, పాడైనదాన్ని రెండో కాపీతో మార్చాలి. కొత్తగా రాసేదంతా యూనికోడ్‌లోనే రాస్తే ఇకమీదట ఓఎస్ మార్పుల్లో ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది.